ఆకుపచ్చ ప్యాంట్లు

సోమవారం ఉదయం మీటింగులో హీథర్ లిండ్‌క్విస్ట్ బల్ల మీద రెండు జెర్సీలు పక్కపక్కన పరిచి, అందర్నీ దగ్గరికొచ్చి చూడమంది. ఒకటి టొలీడో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు శనివారం వేసుకోబోయే కొత్త జెర్సీ. రెండోది ఆ రోజు వాళ్లతో ఆడబోయే ఒమాహా జట్టుది. కుర్చీలు వెనక్కి జరిగాయి. కాజ్ విటూకీ అందరికంటే ఆఖర్న లేచి, ఇద్దరి భుజాల మధ్య నుంచి చూశాడు.

రెండూ ఒకే రంగులో ఉన్నాయి. వానలో తడిసిన అట్టపెట్టె రంగు.

అవి ఒకే రంగు కావని అతనికి తెలుసు. టొలీడోది ఆకుపచ్చ, ఒమాహాది ఎరుపు అని చేతిలోని కాగితం మీద రాసి ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఆ జట్టు బట్టలూ హెల్మెట్లూ బూట్లూ అన్నీ కాజ్ చేతుల మీదుగానే నడుస్తున్నాయి. ఎరుపూ ఆకుపచ్చా తన కంటికి వేరు కావన్న సంగతి మాత్రం ఆ భవనంలో ఎవరికీ చెప్పలేదు. కింద సామాన్ల గదిలో రంగు అవసరమైన చోటల్లా ఒక అంకె పెట్టుకున్నాడు. దారపు రీళ్లకీ, అరలకీ, డబ్బాలకీ అన్నిటికీ అంకెలే. అదంతా అతని శుభ్రత, పద్ధతి అని అందరూ మెచ్చుకునేవారు.

"జెర్సీ ఒక్కటే కాదు, ప్యాంటూ మేజోళ్లూ కూడా ఇదే రంగు," అంది హీథర్. జట్టు ప్రచారం, అమ్మకాల పనంతా ఆమెది. "నెత్తి నుంచి కాళ్లదాకా మనం ఆకుపచ్చ, వాళ్లు ఎరుపు. క్రిస్మస్ వారం. ఇంతకంటే ఏం కావాలి?"

మామూలుగా ఏ మ్యాచ్‌లోనైనా ఒక జట్టు ముదురు రంగు వేసుకుంటే రెండోది తెలుపు వేసుకుంటుంది. తెలుపు ఉన్నంతకాలం కాజ్‌కి ఏ చిక్కూ రాలేదు. ఈ ఏడాది లీగ్ వాళ్లు ఇద్దరికీ రంగులే ఇచ్చి చూద్దామన్నారు.

"ఇద్దర్లో ఒకళ్లు తెల్ల ప్యాంట్లయినా వేసుకుంటే బావుంటుందేమో," అన్నాడు కాజ్.

"ఎందుకని?" అన్నాడు పెటర్‌మన్. అతను జనరల్ మేనేజర్. జట్టులో ఎవరుండాలో ఎవరు పోవాలో తేల్చేది అతనే.

"టీవీలో చూసేవాళ్లకి... కొంతమందికి తేడా తెలీదు."

"ఎవరికి?" హీథర్ నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

కాజ్ కాగితాన్ని మడిచాడు. "నా బావమరిదికి."

"మీ బావమరిదిని రేడియో పెట్టుకోమను," అన్నాడు ఎవరో. అందరూ నవ్వారు. కాజ్ కూడా నవ్వాడు. హీథర్ జెర్సీలు జాగ్రత్తగా మడిచి కవర్లలో పెట్టింది. ఏది ఏ కవర్లోకి వెళ్లిందో చూస్తూ నిలబడ్డాడు కాజ్.

మంగళవారం మధ్యాహ్నం మైదానం మీద గాలి కత్తిలా ఉంది. కాజ్ బంతుల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని గీత పక్కన నిలబడ్డాడు. అతని నడుముకి స్క్రూడ్రైవరూ, కత్తెరా, రెండు జతల బూటు లేసులూ వేలాడుతున్నాయి. హెల్మెట్ వదులైందని ఎవరైనా పరిగెత్తుకొస్తే అర నిమిషంలో బిగించి పంపాలి.

అంతకుముందు ఆదివారం జట్టు క్వార్టర్‌బ్యాక్ బొటనవేలు విరిగింది. బంతి అందుకుని, ముందుకు పరిగెత్తే తనవాళ్లలో ఖాళీగా దొరికినవాడికి విసరాల్సినవాడు అతనే. అతని స్థానంలోకి డారియన్ మాబ్రీ వచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లవాడు, అలబామా వాడు. నాలుగు జట్లు మారాడు, ఎనిమిదేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు. మ్యాచ్ మొదలైనప్పుడు మైదానంలో ఉండబోవడం అతనికిదే మొదటిసారి.

"ఇవాళ్టి నుంచి శనివారం రంగులకి కళ్లు అలవాటు చేసుకుందాం," అన్నాడు కోచ్ స్టూబెన్. "మాబ్రీ వాళ్లకి కొత్త ఆకుపచ్చవి. ఒమాహాలా ఆడేవాళ్లకి ఎర్ర బనీన్లు ఇవ్వు కాజ్."

కాజ్ పన్నెండో డబ్బాలోంచి ఎర్రవి తీసి పంచాడు.

మొదటి బంతి మాబ్రీ బాగానే విసిరాడు. ముందే అనుకున్న చోటికి, లెక్క ప్రకారం వెళ్లింది. రెండోది విసరబోయి ఆగాడు. చెయ్యి చెవి దాకా లేచి అక్కడే ఉండిపోయింది. అతని తల ఎడమకీ కుడికీ తిరిగింది, తర్వాత కిందికి వంగింది. బంతి వదిలాడు. ఎర్ర బనీను వాడొకడు పండు కోసినంత సులువుగా దాన్ని అందుకున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు స్టూబెన్.

ఇంకోసారీ అంతే. నాలుగోసారి బంతి నేరుగా ఎదుటి జట్టు వాడి పొట్టలోకి వెళ్లింది. ఆ మనిషి నిలబడ్డ చోటి నుంచి కదలను కూడా లేదు.

"మాబ్రీ, మనవాళ్లెవరో ఒక్కొక్కణ్ణీ పేరు చెప్పి పరిచయం చెయ్యమంటావా?" అని అరిచాడు స్టూబెన్. బెంచీ దగ్గర నవ్వులు లేచాయి.

కాజ్ నవ్వలేదు. అతను మాబ్రీ తలనే చూస్తున్నాడు. ఆ తల బట్టల్ని వెతకడం లేదు, బూట్లని వెతుకుతోంది. ఒక్కొక్కడి నడకనీ, పరిగెత్తేటప్పుడు మోచెయ్యి ఎంత పైకి లేస్తుందో దాన్నీ వెతుకుతోంది. కూరగాయల దుకాణంలో టమాటాల గుట్ట ముందు కాజ్ అలాగే నిలబడతాడు. పండిందేదో చూసి చెప్పలేక, ఎవరూ గమనించకుండా ఒక్కొక్కదాన్నీ నొక్కి చూస్తాడు. అక్కడైతే ఎంతసేపైనా నొక్కొచ్చు. ఇక్కడ ఉన్నది మూడు సెకన్లు.

సాయంత్రం అందరూ వెళ్లాక మాబ్రీ హెల్మెట్ పట్టుకుని కిందికొచ్చాడు. సామాన్ల గది నేలమాళిగలో ఉంటుంది. కిటికీలు లేవు. అవతల గదిలో బట్టలారబెట్టే యంత్రాలు ఉరుముతున్నాయి.

"గడ్డం పట్టీ వదులైంది సార్."

కాజ్ హెల్మెట్ అందుకున్నాడు. పట్టీ వదులు కాలేదు. అయినా స్క్రూ తీసి మళ్లీ బిగించసాగాడు.

"బనీన్లు రెండూ ఒకేలా ఉన్నాయి కదూ?" అన్నాడు తల ఎత్తకుండా.

మాబ్రీ కదల్లేదు. "ఏంటి సార్ మీరనేది?"

"ఎర్రవీ, ఆకుపచ్చవీ."

"నా కళ్లకేం కాలేదు."

"నా కళ్లకీ ఏం కాలేదు. ఆ రెండూ నాకు ఒకేలా ఉంటాయి, అంతే."

మాబ్రీ తలుపు వైపు చూసి, వెళ్లి దాన్ని మూశాడు. వెనక్కొచ్చి ట్రంకు పెట్టె మీద కూర్చున్నాడు.

"మా అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు," అన్నాడు. "హైస్కూల్లో, కాలేజీలో, ఇక్కడ, ఎక్కడైనా ఒక జట్టు తెలుపే కదా. తెలుపైతే నాకేం ఇబ్బంది లేదు. గ్యాలరీ చివర కూర్చున్నవాడి టోపీ తెల్లదైనా చెప్పేస్తాను."

"కోచ్‌తో చెప్పు."

"చెప్తే?" మాబ్రీ తల ఎత్తాడు. "ఎనిమిదేళ్ల తర్వాత నాకో మ్యాచ్ ఇచ్చారు. చూపు సరిగా లేని క్వార్టర్‌బ్యాక్ అని ఒక్కసారి పేరు పడితే ఎవడు తీసుకుంటాడు నన్ను? ఎరుపూ ఆకుపచ్చే గదా అని ఎవడూ అనడు సార్. గుడ్డోడు అంటారు." ఆగి అడిగాడు. "మీరెందుకు చెప్పలేదు ఇన్నేళ్లూ?"

కాజ్ స్క్రూని ఇంకో చుట్టు తిప్పాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

"ఎవరికీ చెప్పనని మాటివ్వండి."

"చెప్పను."

"ఎవరికీ అంటే ఎవరికీ."

"చెప్పనన్నాను గదయ్యా," అన్నాడు కాజ్, హెల్మెట్ చేతిలో పెడుతూ.

బుధవారం పొద్దున్నే కాజ్ పై అంతస్తుకి వెళ్లాడు. హీథర్ ఫోన్లో ఉంది. చేత్తో కూర్చోమని సైగ చేసింది. అతను కూర్చోలేదు.

"ఆ ప్యాంట్ల సంగతి," అన్నాడు ఆమె ఫోన్ పెట్టాక. "జెర్సీ ఆకుపచ్చే ఉంచుదాం. ప్యాంట్లు తెల్లవి ఇద్దాం. అదే అడుగుదామని వచ్చాను."

"కాజ్, అవి దుకాణాల్లోకి వెళ్లిపోయాయి. పోస్టర్లు పడ్డాయి. టీవీ వాళ్లు వారం నుంచి అదే చూపిస్తున్నారు. లీగ్ వాళ్లు కూడా పరీక్ష చేయించి సరేనన్నారు."

"ఎవరితో చేయించారు?"

ఆమె చిరాకు పడలేదు. దయగానే చూసింది. అదే అతనికి కష్టంగా అనిపించింది. "మీ బావమరిది కోసమా ఇదంతా?"

పెటర్‌మన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో కాఫీ ఉంది. "ఏం కాజ్, బట్టల గురించి నువ్వు ఇంత పట్టుబట్టడం నేనెప్పుడూ చూళ్లేదే. ఏంటి కథ? ఆటగాళ్లెవరైనా అన్నారా?"

తను ఇంకొక్క మాట అంటే పెటర్‌మన్ నిన్నటి ప్రాక్టీసు వీడియో పెట్టుకుని చూస్తాడు.

"ఎవరూ ఏం అన్లేదు. కొత్త గుడ్డ బిగుతుగా ఉంది, అంతే."

"వదులు చేయించు," అని పెటర్‌మన్ వెళ్లిపోయాడు.

కాజ్ కిందికి దిగి ఒమాహాకి ఫోన్ చేశాడు. అక్కడ సామాన్ల పని చూసే మనిషి అతనికి పదిహేనేళ్లుగా తెలుసు. మీవాళ్లకైనా తెల్ల ప్యాంట్లు పెట్టగలవా అని అడిగితే, ఆ మనిషి ఆఖరిదాకా విన్నాడు. "నాకూ నచ్చలేదు కాజ్. కానీ ఎర్రవి పెట్టమన్నారు, ఎర్రవి పెడుతున్నా. నా రిటైర్మెంటుకింక రెండేళ్లుంది," అన్నాడు. లీగ్ ఆఫీసులో ఫోనెత్తిన అమ్మాయి, మార్పులేవైనా ఉంటే జులైలోనే రాసి పంపాల్సిందని చెప్పింది. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. వద్దన్నాడు.

ఫోన్ పెట్టేసి, గోడకి వరసగా వేలాడుతున్న జెర్సీల ముందు నిలబడ్డాడు. తన కళ్ల సంగతి చెప్తే తన పని పోతుంది. తెల్ల ప్యాంట్ల కోసం ఇంకా పట్టుబడితే మాబ్రీ పని పోతుంది. చెప్పకపోతే శనివారం దేశమంతా చూస్తుండగా మాబ్రీ బూట్ల వైపు చూస్తూ నిలబడతాడు. తెల్లారేసరికి అతనికి పిరికివాడని పేరొస్తుంది.

గది చివర ఓడెట్ గేన్స్ కుట్టుమిషను దగ్గర కూర్చుని జెర్సీల వీపుల మీద పేర్లు కుడుతోంది. అరవై రెండేళ్ల మనిషి. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడగలదు.

"రాత్రి నిద్రపోయావా అసలు?" అంది.

"పోయాను."

"అబద్ధాలు నీకు చేతకావు. ఊరికే ప్రయత్నించకు." అతను రీళ్ల అర వైపు చెయ్యి చాపేలోపే ఆమె అందులోంచి ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "ఇదే నీకు కావాల్సింది."

అతను రీలు అడుగున అంకె చూశాడు. సరైనదే.

గురువారం మధ్యాహ్నం రెండింటికి లారీ బయల్దేరాలి. ఒమాహా పదకొండు గంటల దారి. పొద్దున ఏడు నుంచీ కాజ్ ట్రంకులు సర్దుతున్నాడు. ముందు హెల్మెట్లు, ఒక్కొక్కటీ గుడ్డ సంచీలో. తర్వాత భుజాల కవచాలు బోర్లించి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా. తర్వాత బూట్లు, గడ్డి నేలకి ఒక జత, తడి నేలకి ఒక జత. జెర్సీలు అంకెల వరసలో. అవి ఆకుపచ్చవే. వాటి జోలికి అతను పోలేదు.

ప్యాంట్ల ట్రంకు ఆఖర్న తెరిచాడు. ఆకుపచ్చ ప్యాంట్లు ఎడమ అరలో ఉన్నాయి, నలభై ఎనిమిది, మోకాళ్ల దగ్గర మెత్తలు పెట్టి సిద్ధంగా. తెల్లవి కుడి అరలో ఉన్నాయి. కాజ్ రెండు అరల మధ్యా నిలబడ్డాడు. ఆరబెట్టే యంత్రం ఒకటి ఆగి గంట కొట్టింది. అతను కుడివైపు తిరిగి, తెల్లవాటిని పదేసి చొప్పున చేతుల మీద వేసుకుని ట్రంకులో పెట్టడం మొదలుపెట్టాడు.

మూడోసారి తిరిగేసరికి ఓడెట్ మిషను ఆగింది.

"అవి తెల్లవి," అంది.

"తెలుసు."

ఆమె నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. ట్రంకు వైపు చూసింది. ఎడమ అరలో కదలని దొంతరల వైపు చూసింది.

"నువ్వు భోజనానికి వెళ్లు ఓడెట్."

"పదిన్నరైంది. ఇప్పుడేం భోజనం?"

"వెళ్లు. వెళ్లి నలుగురి మధ్య కూర్చో. పన్నెండు దాకా రావద్దు."

ఆమె లేచింది. కోటు వేసుకుని బొత్తాలన్నీ పెట్టుకుంది, పైన ఉన్న క్యాంటీన్‌కే వెళ్తున్నా. గుమ్మం దగ్గర ఆగింది. "ఎందుకని అడగొద్దా?"

"అడగొద్దు."

"సరే," అని వెళ్లిపోయింది.

కాజ్ మేజోళ్లు కూడా తెల్లవే పెట్టాడు. ట్రంకు మూసి తాళం వేశాడు. ఆకుపచ్చవి ఉన్న అర ముందు పరదా లాగాడు. ఇరవై ఆరేళ్లలో అతను ఒక్క మేజోడు కూడా మర్చిపోలేదు. అందుకే లారీ దగ్గర ఎవరూ ట్రంకు తెరిచి చూడలేదు.

శనివారం పొద్దున ఒమాహాలో ఆటగాళ్లు ఒక్కొక్కరే లాకర్ గదిలోకి వచ్చారు. జెర్సీలు వేలాడుతున్నాయి, వాటి కింద తెల్ల ప్యాంట్లు మడిచి ఉన్నాయి. మొదటి ఇద్దరూ ఏమీ అనకుండా బట్టలు మార్చుకున్నారు. మూడోవాడు ఫోనోటి, మూడు వందల పౌండ్ల సమోవా మనిషి. "కాజ్, ఇవేంటి, పెళ్లికి పోతున్నామా?" అన్నాడు.

పది నిమిషాల్లో హీథర్ వచ్చింది. ప్యాంటొకటి చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది, లోపలి వైపైనా ఆకుపచ్చ ఉంటుందేమో అన్నట్టు.

"ఆకుపచ్చవి ఎక్కడ?"

"రాలేదు."

"రాలేదంటే?"

"టొలీడోలో ఉండిపోయాయి. పొరపాటైంది."

ఆమె ఫోన్ తీసి విమానాల వేళలు చూసింది. ఆటకి రెండు గంటల ఇరవై నిమిషాలుంది. లీగ్ తరఫున బట్టలు తనిఖీ చేసే పెద్దాయన అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చి, తలకాయ గోక్కుని, "ఆట ఆపడానికైతే కుదరదు. రాసుకుంటాను," అన్నాడు. స్టూబెన్ తిట్టాల్సినవన్నీ తిట్టాడు. పెటర్‌మన్ మాత్రం గోడకి ఆనుకుని కాజ్‌నే చూస్తూ నిలబడ్డాడు.

మాబ్రీ తన లాకర్ ముందు కూర్చుని ఉన్నాడు. తెల్ల ప్యాంటు అతని మోకాళ్ల మీద ఉంది. దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరాడు. కాజ్ వైపు చూడలేదు. కాజ్ కూడా అటు చూడకుండా నేల మీద పడిన లేసులు ఏరుకున్నాడు.

ఆటలో మొదటిసారి బంతి చేతికొచ్చినప్పుడు మాబ్రీ రెండడుగులు వెనక్కి వేశాడు. తల వంగలేదు. ముందున్న గుంపులో ఛాతీలన్నీ తడిసిన అట్టపెట్టె రంగే అని కాజ్‌కి తెలుసు. వాటి కింద పరిగెత్తే కాళ్లలో కొన్ని తెల్లవి. చెయ్యి లేచింది, ఆగలేదు. బంతి తెల్ల కాళ్లున్నవాడి చేతుల్లో పడింది.

టొలీడో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. మాబ్రీ విసిరినవాటిలో ఒక్కటి కూడా ఎదుటివాళ్లకి చిక్కలేదు. వచ్చే రెండు మ్యాచ్‌లూ అతనివేనని స్టూబెన్ విలేఖరులతో చెప్పాడు.

సోమవారం పెటర్‌మన్ గదిలో హీథర్ కూడా ఉంది. పెటర్‌మన్ బల్ల మీది కంప్యూటర్ని కాజ్ వైపు తిప్పాడు. అందులో మంగళవారం ప్రాక్టీసు ఆగి ఉంది. మాబ్రీ చెయ్యి చెవి దగ్గర, తల కిందికి.

"ఇది నిన్న మూడుసార్లు చూశాను," అన్నాడు పెటర్‌మన్. "మంగళవారం ఎరుపూ ఆకుపచ్చా వేస్తే వీడికి ఎవడు ఎవడో తెలీలేదు. బుధవారం నువ్వు పైకొచ్చి తెల్ల ప్యాంట్లు ఇప్పించమన్నావు. శనివారం ఆకుపచ్చ ప్యాంట్లు మాయం. ఆ రోజు వీడు వజ్రంలా ఆడాడు. నా క్వార్టర్‌బ్యాక్ గురించి నేను తెలుసుకోవాల్సిందేమైనా ఉందా కాజ్?"

గదిలో వేడి ఎక్కువగా ఉంది. కాజ్ కోటు విప్పలేదు. తెరమీద వంగిన ఆ తలని చూశాడు. వయసైపోయింది, మర్చిపోయానని చెప్దామని మెట్ల మీద అనుకుంటూ వచ్చాడు. ఆ మాట ఇక్కడ సరిపోదు.

"మాబ్రీకి సంబంధం లేదు," అన్నాడు. "నాకు రంగులు తెలీవు."

"ఏంటి?"

"పుట్టుకతోనే. చేరేటప్పుడు రాసిచ్చిన కాగితంలో కంటి లోపమేదీ లేదని రాశాను. ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను. గురువారం ట్రంకు సర్దేటప్పుడు ఏది ఏదో పోల్చుకోలేకపోయాను."

పెటర్‌మన్ వెనక్కి వాలాడు. అతని ముఖంలో బిగువు సడలడం కాజ్ చూశాడు. ఈ కారణం అతనికి నచ్చింది. దీంతో క్వార్టర్‌బ్యాక్ మిగులుతాడు.

"అంటే నీకు ఆకుపచ్చ తెల్లగా కనిపిస్తుందా?"

ఆ మాట కాజ్ చెంప మీద కొట్టినట్టు తగిలింది. తెలుపు. ఆ భవనంలో తెలుపుని తనంత బాగా ఎరిగినవాడు లేడు. ఉతికిన మేజోళ్లలో తెల్లదాన్ని చీకట్లో కూడా వేరు చేయగలడు. మూడుసార్లు ఉతికిన తెలుపుకీ ముప్పైసార్లు ఉతికిన తెలుపుకీ తేడా చెప్పగలడు.

"అవును," అన్నాడు. "తెల్లగానే కనిపిస్తుంది."

పెటర్‌మన్ కంప్యూటర్ మూసేశాడు. సీజన్ ముగిసేదాకా ఉండమన్నాడు. ట్రంకుల పని మాత్రం ఇంకొకరికి అప్పగించమన్నాడు. ఆ తర్వాత గౌరవంగా సాగనంపుతామన్నాడు. లీగ్ వేసే జరిమానా సంగతి జట్టు చూసుకుంటుందన్నాడు.

హీథర్ అతని వెనకే వరండాలోకి వచ్చింది. "బావమరిది అన్నారు. అది మీరేనా?"

"అవును."

"అప్పుడే చెప్పుంటే..."

"చెప్తే మార్చేవారా?"

ఆమె లిఫ్టు బటన్ నొక్కింది. లిఫ్టు వచ్చింది. అతను మెట్లు దిగి వెళ్లాడు.

మంగళవారం పదింటికల్లా ఆ వార్త లాకర్ గది అంతా పాకింది. కాజ్ ఉతికిన బట్టల బండి తోసుకుంటూ వచ్చేసరికి ఫోనోటి రెండు చేతుల్లో రెండు మేజోళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కాజ్, నా మీద ఒట్టు, నిజం చెప్పు. ఇదేం రంగు?"

"నీ పాదాల కంపు రంగు."

అందరూ విరగబడి నవ్వారు. వాళ్లలో ద్వేషం లేదు. చాలామంది అతని చేతుల మీదుగా బూట్లు తొడుక్కున్నవాళ్లే. ఒకడు టోపీ ఎత్తి చూపించాడు, ఇంకొకడు తువ్వాలు. "మరిది? పోనీ ఇది?" కాజ్ బండి తోస్తూనే నోటికొచ్చింది చెప్పాడు, బూడిద, నీలం, నారింజ. తప్పు చెప్పిన కొద్దీ నవ్వు పెరిగింది. ఇంకో పది నిమిషాలు భరిస్తే వాళ్లకే విసుగొస్తుందని అతనికి తెలుసు. ఇంకో రెండు వారాలు భరిస్తే అంతా అయిపోతుంది. ముఖం మీద నవ్వు అలాగే నిలబెట్టాడు. దవడలు నొప్పి పుడుతున్నాయి.

మాబ్రీ తన లాకర్ ముందు మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు. చుట్టడం ఆపాడు.

"నన్నడుగు," అన్నాడు.

ఫోనోటి తిరిగాడు. "నిన్నెందుకూ?"

"అడగవయ్యా."

"సరే. ఇదేం రంగు?"

మాబ్రీ ఆ మేజోడు వైపు చూశాడు. కుడిచేతిలోదీ చూశాడు, ఎడమచేతిలోదీ చూశాడు. "తెలీదు."

మళ్లీ నవ్వులు. మాబ్రీ కాజ్‌కి తోడు పోతున్నాడని అనుకున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

"నోర్మూసుకో మాబ్రీ," అన్నాడు కాజ్, పెదవులు కదిలీ కదలకుండా.

"ఇన్నాళ్లూ మూసుకునే ఉన్నాను సార్." మాబ్రీ లేచి నిలబడ్డాడు. సగం చుట్టిన పట్టీ కాలి వెంట వేలాడింది. "నిజంగానే తెలీదు. ఆ రెండూ నాకు ఒకటే. పోయిన మంగళవారం కూడా అంతే. నేను తప్ప మైదానంలో ఉన్న ఇరవై ఒక్క మందీ నాకు ఒకటే రంగు. ఈయనకి అది తెలిసింది. ఈయన ప్యాంట్లు మర్చిపోలేదు."

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. ఒక్కొక్కరి దగ్గరే ఆగుతూ వచ్చింది. ఆఖర్న గది చివర ఒకడు నవ్వి, తను ఒక్కడే నవ్వుతున్నానని గ్రహించి మానేశాడు. ఫోనోటి చేతులు కిందికి దిగాయి.

కాజ్‌కి ముందు కోపం వచ్చింది. నిన్న ఆ గదిలో తను ఇచ్చుకున్నదంతా ఈ మనిషి ఒక్క మాటతో బుగ్గి చేశాడు. తిట్టడానికి నోరు తెరిచాడు. అప్పుడు మాబ్రీ కాళ్లు చూశాడు. ఎనిమిదేళ్లు బెంచీ మీద కూర్చున్న ఆ కాళ్లు అందరి ముందూ నిలబడి ఉన్నాయి. కాజ్ బండి పట్టుకున్న చేతుల్ని వదులు చేశాడు.

స్టూబెన్ గుమ్మంలో ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు. చేతిలో శనివారం ఆట కాగితాలున్నాయి.

"నా గదికి రా మాబ్రీ," అన్నాడు. కాజ్ వైపు చూశాడు. "నువ్వూ రా."

ముగ్గురూ వరండాలో నడిచారు. స్టూబెన్ ముందు, వాళ్లిద్దరూ వెనక. మాబ్రీ పట్టీ నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. కాజ్ వంగి దాని కొస అందుకుని అతని చేతికిచ్చాడు. మెట్ల దగ్గర స్టూబెన్ ఆగాడు, కానీ వెనక్కి తిరగలేదు.

"తెలుపైతే కనిపిస్తుందా?" అన్నాడు.

"కనిపిస్తుంది," అన్నారు ఇద్దరూ ఒకేసారి.